సగటు సమయం

మందుల షాపు పైన, రెండో అంతస్తులో
పంతొమ్మిదేళ్ళు ఒకే కుర్చీలో కూర్చున్నాను.
గడియారం ఎదుటివాళ్ళ వెనక గోడకి ఉండేది,
వాళ్ళకి కనబడకుండా, నాకు కనబడేలా.
ఆ గదిలో నేను చేసిన మోసం అదొక్కటే అనుకునేదాన్ని.

ఇప్పుడు వంటింటి బల్ల, దాని మీద లాప్‌టాప్.
కిటికీ అవతల సెయింట్ జాన్స్ రేవు.
జూన్ వచ్చినా ఒంటి మీద ఉన్ని స్వెటరే.
పొగమంచులో ఓడ కొమ్ము మూలుగుతుంటే
ఆందోళన మీద ఎనిమిది వందల మాటల వ్యాసాన్ని
ఆరు వందలకి కోస్తున్నాను.

ఎందుకు మానేశావని అడుగుతారు.
చెవులు నిండిపోయాయంటాను, నవ్వుతారు.
నిజంగానే నిండాయి.
ఒక మార్చిలో, గుమ్మం ముందు మంచు తవ్వుకుని మరీ వచ్చినావిడ
పోయిన బిడ్డ గురించి చెప్తోంటే
నేను లోపల ఉల్లిపాయలు, పాలు, కారు టైరు అని
లెక్కపెట్టుకుంటున్నాను.
ఆవిడ గమనించలేదు.
గమనించి ఉంటే బావుండేది.
ఆ వారమే తాళాలు తిరిగిచ్చేశాను.

డెస్మండ్ కీఫ్ నా పై ఎడిటరు.
హాలిఫాక్స్‌లో ఉంటాడు, ఇరవై తొమ్మిదేళ్ళు,
మంచివాడు, కామాలంటే పడదు.
"పేరాలు పొట్టిగా, మోరా. జనం బొటనవేలితో చదువుతారు."
సరే, పొట్టివి చేస్తాను.
'బాధితుడు' అన్నచోట 'మనిషి' అని పెడతాను.
'ధైర్యంగా పోరాడి' కొట్టేస్తాను.
ఏ పోరాటమూ లేకుండా, సాయంత్రం నాలుగింటికి
పక్క మీంచి లేచి పళ్ళు తోముకుని
అదే చాలన్నట్టు మెట్లెక్కి వచ్చినవాళ్ళని ఎరుగుదును.
'గట్టిగా ఊపిరి పీల్చండి' దగ్గర మాత్రం ఆగి
నేనూ ఒకసారి పీలుస్తాను.

'మీరు ఒంటరి కాదు.'
ప్రతి వ్యాసం చివరా ఉంటుందీ వాక్యం,
విస్తట్లో ఉప్పులా, ఎవరూ అడక్కపోయినా.

చూసినప్పుడల్లా ఒకతను గుర్తొస్తాడు.
పేరు చెప్పను, ఆ అలవాటు ఇంకా పోలేదు.
పీతల పడవ మీద పని.
చేతులు ఒళ్ళో బోర్లించుకుని కూర్చునేవాడు,
ఎవరో దాచమని ఇచ్చిపోయినట్టు.
ఒకరోజు అన్నాడు:
"నువ్వు ఒంటరివి కాదని చెప్పినోళ్ళందరూ
ఆ మాట చెప్పేసి ఇళ్ళకెళ్ళిపోయారు."
ఆపైన ఏమీ అనలేదు.
నేనూ అనలేదు.
రేడియేటర్ టకటకమంది. కింద షాపు గంట రెండుసార్లు మోగింది.
గోడ గడియారంలో పదకొండు నిమిషాలు.
ఆ ఉద్యోగంలో నేను చేసిన మంచిపనేదైనా ఉంటే
బహుశా ఆ పదకొండు నిమిషాలే.

అతని మాట నేనెక్కడా వాడుకోను, అది అతనిది.
ఆ వాక్యం కొట్టేస్తాను, అంతే.
డెస్మండ్ మళ్ళీ పెడతాడు.
మళ్ళీ కొట్టేస్తాను.
దాని గురించి మేమిద్దరం ఎప్పుడూ మాట్లాడుకోలేదు.

మౌనం టైపు చెయ్యడానికి మీట లేదిక్కడ.
రెండు పేరాల మధ్య కాస్త ఎక్కువ ఖాళీ వదిలితే
తప్పనుకుని సాఫ్ట్‌వేరే మూసేస్తుంది.

నిన్న లెక్కల పట్టిక వచ్చింది.
నిద్రపట్టకపోవడం మీద వ్యాసం,
చదివిన సగటు సమయం నలభై ఒక్క సెకన్లు.
నలభై ఒక్క సెకన్లలో నేను కుర్చీ కూడా సర్దుకునేదాన్ని కాదు.
పట్టిక అడుగున ఒంటిగా ఒక వరస:
తెల్లవారుజాము మూడుంబావు. ఒక్కరు.
కిందికి జరపలేదు, ఏదీ నొక్కలేదు.
పన్నెండు నిమిషాల నాలుగు సెకన్లు.

ఫోను చేతిలో ఉండగానే కునుకు పట్టిందేమో.
పిల్లాడేడిస్తే లేచి వెళ్ళారేమో.
డెస్మండైతే పొరపాటు లెక్కని తీసి పారేస్తాడు.

సాయానికి పిలవాల్సిన నంబరు పేజీ అట్టడుగున ఉంది,
ప్రకటనల కింద, చీమ తలంత అక్షరాల్లో.
ఎవరినీ అడక్కుండా పైకి తెచ్చి
మొదటి వాక్యం పక్కన పెట్టాను.
చోటు చాలక ఓ ముప్పై మాటలు తీసేశాను,
నా సొంతవే, బాగా రాశాననుకున్నవి.

ఆ తర్వాత పనేమీ తోచక
చేతులు ఒళ్ళో బోర్లించుకుని
తెర ముందు అలాగే కూర్చున్నాను.
రేవులో కొమ్ము ఎప్పుడాగిందో తెలీదు.
వంటింటి గడియారం నా వెనక గోడకి ఉంది.
తిరిగి చూడలేదు.